ఆర్‌వీల్లో కార్తీక వనభోజనాలు: ఇంక్స్ లేక్ వారాంతం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

టెక్సస్‌లో ఆస్టిన్, డాలస్, హ్యూస్టన్, శాన్ ఆంటోనియో చుట్టుపక్కల ఉంటున్న కొన్ని తెలుగు కుటుంబాలం కలిసి ఒక ఆర్‌వీ యాత్రల క్లబ్బు నడుపుకుంటున్నాం. ఆర్‌వీ అంటే పడక, వంటగది, మరుగుదొడ్డి ఉన్న ఇల్లులాంటి బండి; సొంత ఇంజనుతో నడిచేది మోటారుహోము, కారో ట్రక్కో వెనక లాగేది ట్రైలర్. ఏటా కార్తీక మాసంలో ఒక వారాంతం బర్నెట్ దగ్గరి ఇంక్స్ లేక్ స్టేట్ పార్కులో బస చేస్తాం, దీన్నే ర్యాలీ అని పిలుచుకుంటాం. కొత్తగా చేరేవారి నుంచి ప్రతి ఏడూ అవే సందేహాలు దాదాపు అవే మాటల్లో వస్తున్నందున, వాటిని వారడిగిన తీరులోనే ఇక్కడ చేర్చాం. ఏ ప్రశ్నకు కావలసిన జవాబు దాని కిందనే ఉంటుంది కాబట్టి వరుసగా చదవనక్కరలేదు.

## రావాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికి

రెండు రోజులూ అసలు ఏం చేస్తారు?

శుక్రవారం పొద్దు వాలేలోపు బళ్ళన్నీ పార్కుకు చేరతాయి, ఆ రాత్రి ఎవరి భోజనం వారిదే. శనివారం మధ్యాహ్నం అందరం కలిసి వండుకుని, ఓక్ చెట్ల కింద బంతి కట్టి తింటాం. సాయంత్రం దీపాలు పెట్టుకుని, ఆ తరువాత మంట చుట్టూ చేరి పాటలు, పద్యాలు, కబుర్లతో గడుపుతాం. ఆదివారం టిఫిను తిని, బళ్ళలోని మురుగునీటి ట్యాంకులు ఖాళీ చేసుకుని, మధ్యాహ్నంలోగా ఎవరి దారిన వారు బయలుదేరతారు. ఇంతకుమించి కార్యక్రమ పట్టిక లేదు. ఒకప్పుడు గంటగంటకూ ఆటల పోటీలు పెట్టి చూశాం గానీ, సరస్సు ఒడ్డుకైనా వెళ్ళకుండానే కొందరు తిరిగి వెళ్ళవలసి రావడంతో ఆ పద్ధతి మానుకున్నాం.

వనభోజనాలంటే ఉసిరి చెట్టు ఉండాలి కదా?

ఉండాలి, కానీ ఇక్కడి కొండ ప్రాంతంలో ఉసిరి చెట్టు దొరకదు. ఒక కుటుంబం కుండీలో పెంచుకుంటున్న ఉసిరి మొక్కను బండిలో ఎక్కించుకుని వస్తుంది, దాన్నే ఓక్ చెట్టు మొదట్లో పెట్టి పూజ చేసుకుంటాం. పచ్చడికి, దీపాలకు ఇండియన్ స్టోర్లలో దొరికే గడ్డకట్టించిన ఉసిరికాయలు వాడతాం. కార్తీక సోమవారం నాడే చేసుకోవాలని పట్టుబట్టేవారు ఏటా ఒకరైనా ఉంటారు. ఉద్యోగాలు సోమవారం వదలవు గనుక శనివారంతో సరిపెట్టుకుంటున్నాం.

దీన్ని ర్యాలీ అని ఎందుకు పిలుస్తున్నారు? ఇదేమైనా రాజకీయ వ్యవహారమా?

కాదు. మన భాషలో ర్యాలీ అంటే జెండాలు పట్టుకుని వీధుల్లో సాగే ఊరేగింపు, అమెరికాలో ఆర్‌వీ యజమానులకు మాత్రం అది బళ్ళతో ఒకచోట కలుసుకోవడానికి పేరు. ఈ ఆనవాయితీ పాతదే. ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్ల యజమానుల క్లబ్బు 1955లో, ఒక యాత్ర మధ్యలో, కెనడాలోని నోవాస్కోషియాలో పుట్టింది. 1963 జూలై 20న సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి మెయిన్ రాష్ట్రంలోని హింక్లీలో చేరిన 26 కుటుంబాలు అక్కడికక్కడే మోటారు కోచ్ యజమానుల సంఘాన్ని స్థాపించుకున్నాయి. గ్రహణం వేళ తలుపులు బిగించుకుని ఇంట్లో కూర్చునే మనవాళ్ళకు ఈ కథ చెప్పినప్పుడల్లా నవ్వుతారు.

మాకు సొంత ఆర్‌వీ లేదు. రావచ్చా?

తప్పకుండా రావచ్చు. మాలో చాలామంది మొదటిసారి అద్దె బండితోనే వచ్చారు. టెంటు వేసుకునేవారికి వేరే సైట్లు, చిన్న క్యాబిన్లు కూడా అదే పార్కులో ఉన్నాయి. శనివారం పగటికి మాత్రమే కారులో వచ్చి వెళ్ళాలనుకునేవారు పార్కు ప్రవేశానికి డే పాసు ముందే తీసుకోవాలి, ఎందుకంటే వాతావరణం బాగున్న వారాంతాల్లో పార్కు నిండిపోయి గేటు దగ్గర తిప్పి పంపడం మామూలే.

మొత్తం ఖర్చు ఎలా పంచుకుంటారు?

సైటు అద్దె, బండి అద్దె, పెట్రోలు ఎవరివి వారివే. శనివారం ఉమ్మడి వంట సరుకుల ఖర్చును మాత్రం పెద్దవారి తలలు లెక్కగట్టి పంచుతాం, పిల్లలను లెక్కలోకి తీసుకోం. పార్కు ప్రవేశ రుసుము 13 ఏళ్ళు నిండినవారికే ఉంటుంది. స్టేట్ పార్కుల వార్షిక పాసు ఎవరిదైనా ఒకరి దగ్గర ఉంటే, వారితో ఒకే బండిలో వచ్చేవారందరికీ ఆ రుసుము ఉండదు.

## సైటు, బండి ఎంచుకునేటప్పుడు

సైటు మీరే బుక్ చేస్తారా, మేమే చేసుకోవాలా?

మీరే చేసుకోవాలి. టెక్సస్ స్టేట్ పార్కుల్లో రాత్రి బసకు 5 నెలల ముందు నుంచి బుకింగు తెరుస్తారు. నవంబరు వారాంతానికి సైటు కావాలంటే జూన్‌లోనే కూర్చోవాలన్న మాట. తేదీ ఖాయం చేసిన రోజునే క్లబ్బు సభ్యులందరికీ తెలియజేస్తాం, ఆపైన ఆలస్యం చేస్తే సరస్సు ఒడ్డు సైట్లు దొరకవు. బుక్ చేసే ముందు సైటుకు నీరు, కరెంటు రెండూ ఉన్నాయో లేదో, మీ బండి పొడవు అక్కడ పడుతుందో లేదో చూసుకోండి. కేవలం నీటి కుళాయి మాత్రమే ఉన్న టెంటు సైటును తొందరలో తీసుకుని, 28 అడుగుల బండితో దిగినవారు ఉన్నారు.

ఒకే సైటులో రెండు కుటుంబాలు సర్దుకోవచ్చా?

ఒక సైటుకు గరిష్ఠంగా 8 మందిని అనుమతిస్తారు. రెండు చిన్న కుటుంబాలు ఒకే బండిలో పడుకోగలిగితే అభ్యంతరం లేదు, కానీ ఆరుగురు పడుకోవచ్చని ప్రకటనలో రాసిన బండిలో ఆరుగురు పెద్దవాళ్ళు హాయిగా పడుకోలేరన్నది మా అనుభవం. భోజనాల బల్లను మడిచి చేసే మంచం పదేళ్ళ పిల్లలకే సరిపోతుంది.

మా సియెన్నా వెనక ట్రైలర్ కట్టుకోవచ్చా?

చిన్నది, అదీ లెక్క చూసుకున్నాకే. ఇప్పుడు వస్తున్న టొయోటా సియెన్నా లాగగలిగే గరిష్ఠ బరువు 3,500 పౌండ్లు, మూడు వరుసల సీట్లున్న మధ్యతరహా ఎస్‌యూవీలు చాలావరకు 5,000 పౌండ్లు లాగుతాయి. నలుగురి కుటుంబానికి సరిపడే 25 అడుగుల ట్రైలర్, సామానుతో కలిపి 6,000 పౌండ్లు సులువుగా దాటుతుంది. కాబట్టి దానికి పికప్ ట్రక్కు కావలసిందే. మడత ట్రైలర్లు, కన్నీటి బొట్టు ఆకారంలో ఉండే చిన్న ట్రైలర్లు అయితే మినీవ్యానుకు అందుబాటులో ఉంటాయి.

లాగే బరువు ఒక్కటే చూస్తే చాలదు. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం దాకా హిచ్ (ట్రైలర్‌ను కారుకు తగిలించే కొక్కెం) మీద, అంటే మీ కారు మీద పడుతుంది. ఆ బరువు, మనుషులు, వెనక పెట్టిన బియ్యం బస్తాతో సహా సామాను, అన్నీ కలిపి డ్రైవరు తలుపు అంచున అంటించిన చీటీలో రాసిన పరిమితికి లోబడి ఉండాలి. మా వాళ్ళు లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. కారు లాగగలదు కానీ, ఏడుగురిని ఎక్కించుకుని లాగలేదు. హిచ్ మీద భారం మరీ తక్కువైతే ట్రైలర్ తోక ఆడించినట్టు అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది గనుక బరువైన సామానంతా ట్రైలర్ వెనక భాగంలో సర్దకండి.

క్లాస్ సి ఆర్‌వీ నడపాలంటే వేరే లైసెన్సు కావాలా?

అక్కరలేదు. ఇక్కడ పేర్లు కలిసిపోయి అయోమయం పుడుతోంది. డ్రైవరు సీటు మీదకు మంచం పొడుచుకువచ్చినట్టుండే బండి రకాన్ని క్లాస్ సి అంటారు, టెక్సస్‌లో మామూలుగా కారుకు ఇచ్చే లైసెన్సు పేరు కూడా క్లాస్ సి. రెండింటికీ సంబంధం లేదు. అద్దెకు దొరికే క్లాస్ సి బళ్ళు సాధారణంగా 14,500 పౌండ్ల లోపు తరగతివి, మామూలు లైసెన్సు మీద 26,001 పౌండ్ల కంటే తక్కువ సామర్థ్యపు బండి నడపవచ్చు. బస్సంత ఉండే పెద్ద డీజిల్ మోటారుహోములు కొన్ని ఆ హద్దు దాటుతాయి, వాటికి మాత్రం పై తరగతి లైసెన్సు తీసుకోవాలి.

30 ఆంపుల బండికి, 50 ఆంపుల బండికి తేడా ఏమిటి?

పేరు చూస్తే తేడా 20 ఆంపులే అనిపిస్తుంది గానీ, నిజానికి మూడింతలకు పైనే. 30 ఆంపుల ప్లగ్గులో 120 వోల్టుల తీగ ఒక్కటే ఉంటుంది, అంటే 3,600 వాట్లు. 50 ఆంపుల ప్లగ్గులో అలాంటి తీగలు రెండు, ఒక్కోదానిలో 50 ఆంపులు, మొత్తం 12,000 వాట్లు. నవంబరులో ఒకే ఏసీతోనో, అసలు ఏసీ లేకుండానో గడిచిపోతుంది కనుక 30 ఆంపుల బండి చాలు. మీ బండి ప్లగ్గు, సైటు స్తంభంలోని సాకెట్టు వేరువేరు రకాలైతే మధ్యలో అడాప్టరు కావాలి. అద్దె బండి ఇచ్చేవారిని దాన్ని కూడా పెట్టమని అడగండి.

అద్దె బండి తీసుకునేటప్పుడు ఏమేమి అడగాలి?

బీమాలో పైకప్పు నష్టం కలుస్తుందో లేదో ముందు అడగండి. కొమ్మలు తగిలి పాడయ్యేది అదే, చాలా ఒప్పందాల్లో మినహాయించేదీ అదే. తరువాత మైళ్ళ పరిమితి, జనరేటరు గంటల రుసుము, ట్యాంకులు ఖాళీ చెయ్యకుండా తిరిగి ఇస్తే వేసే జరిమానా తెలుసుకోండి. లోపల మసాలా వంట చెయ్యకూడదన్న షరతు కొందరు యజమానులు రాస్తారు. అది చదివి కోపం తెచ్చుకునే బదులు, వంట బయటనే చేస్తామని చెప్పి, చెప్పినట్టే చెయ్యడం మంచిది. తాళాలు తీసుకునే ముందు స్లైడ్‌ఔట్ (బయటికి జరిగి గదిని పెద్దది చేసే భాగం), ఆనింగ్ (బండి పక్కన తెరుచుకునే నీడ గుడ్డ), నీళ్ళ పంపు, హీటరు మీ కళ్ళ ముందు ఒకసారి పని చేయించి, ఫోనులో వీడియో తీసుకోండి.

## ప్రయాణానికి ముందు, దారిలో

శుక్రవారం ఆఫీసు అయ్యాక బయలుదేరితే సరిపోదా?

సరిపోదు. ఈ పత్రంలో ఒక్క జవాబునే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. నవంబరులో గడియారాలు వెనక్కి తిప్పాక ఇక్కడ సాయంత్రం 5:30 దాటగానే సూర్యుడు అస్తమిస్తాడు. కారులో డాలస్ నుంచి మూడున్నర గంటలు, హ్యూస్టన్ నుంచి నాలుగు గంటలు పట్టే దారి, ట్రైలర్‌తో ఇంకో గంట ఎక్కువ తీసుకుంటుంది. శుక్రవారం సాయంత్రం ఐ-35 హైవే రద్దీ దీనికి అదనం. పార్కులోకి తీసుకువెళ్ళే పార్కు రోడ్డు 4 ఎత్తుపల్లాలతో వంకర్లు తిరుగుతూ ఉంటుంది, జింకలు చీకట్లో అడ్డం వస్తాయి.

మా కుటుంబం మొదటిసారి రాత్రి 9 దాటాక చేరింది. పక్క సైటువారి కళ్ళలో హెడ్‌లైట్లు కొడుతూ, నేనొక దిక్కు, మా ఆవిడ ఇంకో దిక్కు అరుస్తూ, ముప్పావు గంట వెనక్కీ ముందుకీ నడిపాక బండి సైటులో పడింది. వాలు చూసుకోనందువల్ల తెల్లవార్లూ అందరం మంచం ఒక మూలకు జారుతూనే ఉన్నాం. సాయంత్రం 4 గంటలకల్లా చేరగలిగితేనే శుక్రవారం రండి. అది కుదరకపోతే దారిలో ఎక్కడైనా పడుకుని శనివారం పొద్దున్నే రావడం మేలు.

బండి నడుస్తున్నప్పుడు పిల్లలు వెనక మంచం మీద పడుకోవచ్చా?

వద్దు. కారు లేదా ట్రక్కు వెనక లాగే ట్రైలర్ కదులుతున్నప్పుడు లోపల ఎవరూ ఉండకూడదన్నది టెక్సస్ చట్టం. మోటారుహోములో కూడా సీటు బెల్టు ఉన్న చోటనే కూర్చోవాలి. 8 ఏళ్ళ లోపు పిల్లలకు, 4 అడుగుల 9 అంగుళాల ఎత్తు దాటి ఉంటే తప్ప, చైల్డ్ సీటు తప్పనిసరి. దాన్ని ముందుకు చూసే సీటుకే బిగించాలి, పక్కకు తిరిగి ఉన్న సోఫాకు బిగించకూడదు. ఎంతమంది పడుకోగలరో కాక, ఎన్ని బెల్టులు ఉన్నాయో అడిగి బండి తీసుకోండి.

దారిలో డ్రైవ్‌త్రూలో కాఫీ తీసుకోవచ్చా?

బండి ఆపి, నడిచి వెళ్ళి తెచ్చుకోండి. క్లాస్ సి బండి ఎత్తు 11 నుంచి 12 అడుగుల దాకా ఉంటుంది, మామూలు మ్యాపు యాప్‌కు ఆ సంగతి తెలియదు. మీ బండి ఎత్తును పెద్ద అంకెల్లో కాగితం మీద రాసి స్టీరింగు ఎదురుగా అంటించండి. పెట్రోలు బంకులో తిరిగేటప్పుడు వెనక చక్రాల తరువాత మిగిలిన భాగం మలుపుకు ఎదురు దిక్కులోకి విసురుగా తిరుగుతుంది, పక్కనున్న స్తంభాలను గీకేది అదే. మొదటి అరగంట ఖాళీ పార్కింగు స్థలంలో మలుపులు సాధన చేసినవారు గీతలు పడకుండా తిరిగి వెళ్తున్నారు.

ఇంటి దగ్గరే మంచినీళ్ళ ట్యాంకు నింపుకుని రావాలా?

నీటి కుళాయి ఉన్న సైటు తీసుకుంటే అక్కరలేదు. గ్యాలను నీరు 8.3 పౌండ్లకు పైగా బరువు ఉంటుంది, 40 గ్యాలన్లు నింపితే దారి పొడవునా 330 పౌండ్లు ఊరికే మోసినట్టు. దారిలో చేతులు కడుక్కోవడానికి, మరుగుదొడ్డికి పావు ట్యాంకు చాలు.

దోసె పిండి తెస్తే దారిలో పులిసి పొంగుతుందా?

పొంగుతుంది. గిన్నెలో సగం దాకానే పోసి, మూత బిగించి, ఐస్‌పెట్టెలో అడుగున పెట్టండి. రుబ్బి తేవడం మాత్రం తప్పదు, పార్కులో గ్రైండరు నడపాలని చూసేవారికి ఉమ్మడి వంటలో చోటు లేదు. కరివేపాకు, ఇంగువ, పప్పుల వంటివి బర్నెట్ కొట్లలో వెతకడం వృథా, ఆస్టిన్ శివార్లు దాటే లోపే కొనుక్కోండి.

## పార్కులో దిగాక

సైటుకు చేరగానే ఏ పని ముందు, ఏది తరువాత?

బండి ఆపగానే దిగి, ఒకసారి చుట్టూ నడిచి, కొమ్మలు, రాళ్ళు, బల్ల, నీటి కుళాయి ఎక్కడున్నాయో చూడండి. తరువాత పక్కల వాలు సరిచూసి, పల్లంగా ఉన్న వైపు చక్రాల కింద దిమ్మెలు పెట్టి ఎక్కించండి. ట్రైలర్ అయితే హిచ్ విప్పకముందే చక్రాలకు అడ్డుదిమ్మెలు పెట్టాలి, ఆ తరువాతే విప్పి, ముందు వెనకల వాలు సరిచేయాలి. మూలల్లో దించే కాళ్ళు బండి ఊగకుండా పట్టుకోవడానికే, వాటితో బండిని పైకెత్తితే వంగిపోతాయి. కరెంటు స్తంభంలో స్విచ్చు ఆపి ఉంచి ప్లగ్గు పెట్టి, అప్పుడు వేయండి. చివరగా స్లైడ్‌ఔట్ తెరవండి, తెరిచే ముందు ఒకరు బయట నిలబడి చూడాలి. పాతకాలపు గ్యాసు ఫ్రిజ్జు ఉన్న బళ్ళలో వాలు సరిచేయడం నిద్రకోసమే కాదు, బండి ఒరిగి ఉంటే ఆ ఫ్రిజ్జు సరిగా చల్లబరచదు, పాడవుతుంది కూడా.

ఇండక్షన్ స్టవ్ పెట్టగానే కరెంటు పోతోంది. స్తంభంలో లోపమా?

లోపం లెక్కలోనే ఉంటుంది. 30 ఆంపుల బండికి దొరికేది 3,600 వాట్లు. 1,800 వాట్ల ఇండక్షన్ స్టవ్ ఒక్కటే 15 ఆంపులు తీసుకుంటుంది, నడుస్తున్న ఏసీ సుమారు 13 నుంచి 15, కరెంటు మీద పెట్టిన నీళ్ళ హీటరు ఇంకో 12. వీటిలో రెండు కలిస్తేనే అంచుకు చేరతాం, మూడోది వేస్తే బ్రేకరు పడుతుంది. ఇన్‌స్టంట్ పాట్ సుమారు 1,000 వాట్లతో గడిచిపోతుంది కాబట్టి అన్నం, పప్పు దానిలో పెట్టి, నీళ్ళ హీటరును గ్యాసుకు మార్చుకోండి. బ్రేకరు పడిన వెంటనే పదేపదే పైకి తోయకుండా, ముందు ఒక పరికరం ఆపండి.

మగ్గు, నీళ్ళు వాడితే బ్లాక్ ట్యాంకు తొందరగా నిండిపోదా?

ఇది అందరికీ ఉన్న సందేహం, బిడియంతో చాలామంది ఒంటరిగా ఫోను చేసి అడుగుతారు. మరుగుదొడ్డి నీరు చేరేది బ్లాక్ ట్యాంకు, వంటగది, స్నానాల నీరు చేరేది గ్రే ట్యాంకు. బ్లాక్ ట్యాంకులకు నీళ్ళు తక్కువైతేనే కష్టం, ఎక్కువైతే కాదు. నీళ్ళు చాలకపోతే మలం అడుగున గట్టిపడి గుట్టగా పేరుకుంటుంది, అమెరికన్ల ఆర్‌వీ కబుర్లలో సగం ఈ గుట్ట గురించే. ఆ విధంగా మన అలవాటు ట్యాంకుకు మంచిదే. దిగిన రోజున ఖాళీ ట్యాంకులో రెండు మూడు గ్యాలన్ల నీళ్ళు, ఆ ట్యాంకు కోసం అమ్మే మందు వేసి మొదలుపెట్టండి, వెట్ వైప్స్ (తుడుచుకునే తడి కాగితాలు) మాత్రం వెయ్యకండి, నీటిలో కలిసిపోతాయని డబ్బా మీద రాసి ఉన్నా సరే.

పరిమాణం మాట కొస్తే, చాలా బళ్ళలో ఈ ట్యాంకు సుమారు 30 గ్యాలన్లు. నలుగురు రెండు రోజులు దానినే నమ్ముకుంటే నిండే అవకాశం ఉంది. పగలు పార్కు మరుగుదొడ్లు, స్నానాల గదులు వాడుకుని, రాత్రి పూట బండిలోది వాడుకుంటే ఏ ఇబ్బందీ రాదు.

తాగేనీటికి ఏ గొట్టం వాడాలి?

తాగేనీటి కోసం అమ్మే తెల్లని గొట్టమే వాడాలి, తోటకు నీళ్ళు పట్టే గొట్టం వాడితే నీటికి రబ్బరు వాసన వస్తుంది. కుళాయికి, గొట్టానికి మధ్య పీడనం తగ్గించే రెగ్యులేటరు బిగించండి. అది లేకపోతే బండి లోపలి సన్నని పైపులు పగిలే ప్రమాదం ఉంది.

## వంట, దీపాలు, మంట

బండిలో తాలింపు పెట్టుకోవచ్చా?

పెట్టుకుంటే ముందు పొగ అలారం, వెనువెంటనే పక్క సైటువారు స్పందిస్తారు. ఎండుమిర్చి పొగ రెండు వందల చదరపు అడుగుల గదిలో ఎక్కడికీ పోదు, పరుపులకు పట్టిన వాసన వారాల పాటు వదలదు. అలారం బ్యాటరీ తీసేసి పోపు వేసుకునే తెలివి మాత్రం ఎవరూ చూపించవద్దు, అదే బండిలో పిల్లలు పడుకుంటారు. బయట బల్ల మీద గ్యాసు పొయ్యి పెట్టుకోండి, ఆనింగు గుడ్డ కింద కాకుండా దూరంగా. బిర్యానీ గుండిగలకు, పులిహోర కళాయిలకు ఉమ్మడి వంట దగ్గర నేల మీద నిలిచే పెద్ద పొయ్యిలు ఉంటాయి.

పప్పుగిన్నె సింకులో కడగవచ్చా?

ముందు కాగితంతో తుడిచి, మెతుకులు చెత్తసంచిలో వేశాక కడగండి. నూనె, పప్పు, అన్నం గ్రే ట్యాంకులో చేరితే మూడో రోజుకు బ్లాక్ ట్యాంకు కంటే అదే ఎక్కువ కంపు కొడుతుంది.

శనివారం ఉల్లి, వెల్లుల్లి ఉంటాయా? చికెన్ కాల్చుకోవచ్చా?

శనివారం మధ్యాహ్నం ఉమ్మడి భోజనంలో ఉల్లి, వెల్లుల్లి ఉండవు. పులిహోర, ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు, ఉసిరికాయ పచ్చడి, పెరుగన్నం ఏటా ఉండేవే. కార్తీక నియమం పాటించనివారు తమ సైటులో తమకు నచ్చింది వండుకోవచ్చు, ఎవరూ ప్రశ్నించరు, ఉమ్మడి గిన్నెలు, గరిటెలు మాత్రం దానికి వాడవద్దు.

కార్తీక దీపాలు సరస్సులో వదలవచ్చా?

వదలకూడదు. అరటి దొప్పలైనా, వత్తులైనా, నూనె అయినా నీటిలో వేస్తే పార్కు దృష్టిలో అది చెత్త పారవేయడమే. పళ్ళెంలో నీళ్ళు పోసి, ఆ నీటి మీద దొప్పలు తేలించి, ఒడ్డున కూర్చుని చూసుకుంటాం. చీకటి పడ్డాక వెనక నల్లటి సరస్సు ఉంటుంది కనుక ఆ పళ్ళెం అందం తక్కువేమీ కాదు. ఆ ఏడు కౌంటీ మంటలను నిషేధించి ఉంటే బ్యాటరీ దీపాలతో సరిపెట్టుకుంటాం.

మంటకు కట్టెలు అక్కడే ఏరుకోవచ్చా?

పార్కులో ఎండు పుల్ల కూడా ఏరకూడదు, కొమ్మ విరవకూడదు, చెట్టుకు మేకు కొట్టకూడదు. కట్టెలు పార్కు దుకాణంలోనో, బర్నెట్‌లోనో కొనండి, ఇంటి నుంచి తేవద్దు. మధ్య టెక్సస్ ఓక్ చెట్లను ఓక్ విల్ట్ అనే శిలీంధ్రపు తెగులు చంపుతోంది, తెగులు సోకిన చెట్ల కట్టెలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోయడం వల్ల కూడా అది వ్యాపిస్తుంది. మనం ఏ చెట్ల నీడలో భోంచేస్తామో ఆ లైవ్ ఓక్ చెట్లే దానికి బలవుతున్నాయి.

పాటలకు స్పీకరు తెచ్చుకోవచ్చా? మందు సంగతేమిటి?

రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నిశ్శబ్దం పాటించాలి, జనరేటర్లు కూడా అప్పుడు ఆపివేయాలి. పగలైనా పక్క సైటుకు వినిపించేంత స్పీకరు పెట్టకూడదు, అందుకే మా పాటలన్నీ గొంతులతోనే. టెక్సస్ స్టేట్ పార్కుల్లో బహిరంగంగా మద్యం తాగడం, కనబడేలా పెట్టుకోవడం నిషిద్ధం. టపాసులు కూడా నిషిద్ధమే, దీపావళికి మిగిలినవి ఇంట్లోనే ఉంచి రండి.

## పెద్దవాళ్ళు, పిల్లలు, చలి

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు. వాళ్ళకు ఇబ్బందా?

మోకాళ్ళ నొప్పులు లేకపోతే బాగానే ఉంటుంది, మా వనభోజనాల్లో అందరికంటే సంతోషించేది వారే. క్లాస్ సి బండిలో క్యాబు మీది మంచానికి నిచ్చెన ఎక్కాలి, అది మనవలకు వదిలి, వెనక మంచం వారికి ఇవ్వండి. తలుపు దగ్గరి మెట్లు నిటారుగా ఉంటాయి కనుక కింద ఒక ముక్కాలిపీట, పట్టుకోవడానికి పిడి అవసరం. మందులు రెండు రోజులు ఎక్కువే పెట్టుకోండి, ప్రయాణ బీమా కాగితాలు, పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలో ప్రవేశించిన రికార్డు) వెంట ఉంచండి. రాత్రి మరుగుదొడ్డికి లేచినప్పుడు కనబడేలా నేలకు దగ్గరగా చిన్న లైటు పెట్టండి.

నవంబరులో చలి ఎంత ఉంటుంది?

పగలు చొక్కాతో తిరగవచ్చు, రాత్రి 40ల ఫారెన్‌హీట్‌కు దిగడం మామూలు, ఉత్తరపు గాలి వీస్తే గడ్డకట్టే స్థాయికీ చేరవచ్చు. 32 డిగ్రీలకు తగ్గుతుందని తెలిస్తే పడుకునే ముందు బయటి నీటి గొట్టం విప్పి, వంచి ఖాళీ చేసి, లోపలి ట్యాంకు నీరు వాడుకోండి. వెచ్చదనం కోసం వంట పొయ్యిలు వెలిగించి పడుకోవద్దు, బొగ్గుల కుంపటి లోపలికి తేవద్దు. కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, మేల్కొనే అవకాశం ఇవ్వదు. దాని అలారం పని చేస్తోందో లేదో బండి తీసుకున్న రోజే మీట నొక్కి చూడండి.

పిల్లలకు అక్కడ ఏముంది?

ఇంక్స్ లేక్ కొలరాడో నది మీద 1938లో పూర్తయిన ఆనకట్ట వల్ల ఏర్పడింది. ఎగువన బుకానన్ సరస్సు ఉండడంతో దీని నీటిమట్టం కరువులోనూ పెద్దగా మారదు. నైస్ (gneiss) అనే రకపు గులాబీ రంగు రాళ్ళు ఎక్కడం పిల్లలకు అన్నిటికంటే ఇష్టం. డెవిల్స్ వాటర్‌హోల్ దగ్గర బండల మీద నుంచి దూకేవారిని చూసి మన పిల్లలూ ఎగబడతారు, పార్కులో లైఫ్‌గార్డులు ఉండరు, నవంబరు నీరు బాగా చల్లన, కాబట్టి చూడడంతో ఆపండి. పడవ ఎక్కితే 13 ఏళ్ళ లోపువారు లైఫ్‌జాకెట్ వేసుకోవాలి. పార్కు ఒడ్డు నుంచి గాలం వేయడానికి లైసెన్సు అక్కరలేదు. వాన పడితే దగ్గరలోని లాంగ్‌హార్న్ కావెర్న్ గుహలకు వెళ్తాం, లోపల ఏడాది పొడవునా 68 డిగ్రీలే.

పాములు, జంతువులు ఉంటాయా?

గిలక పాములు, తేళ్ళు ఉన్న ప్రాంతమే, కానీ మాకు నిజమైన బాధ ఎర్రచీమలు, రకూన్‌లతోనే. చీమల పుట్ట మీద చాప పరచకుండా చూసుకోండి. రకూన్‌లు ఐస్‌పెట్టె మూతలు తీయగలవు, ఒకసారి రాత్రికి రాత్రే సున్నుండల డబ్బా ఖాళీ చేశాయి.

కుక్కను తేవచ్చా?

తేవచ్చు. 6 అడుగులకు మించని తాడుతో కట్టి ఉంచాలి, బయట ఒంటరిగా వదిలిపెట్టకూడదు.

## ఆదివారం, తరువాత

ట్యాంకులు ఎక్కడ, ఎలా ఖాళీ చెయ్యాలి?

మనం తీసుకునే నీరు, కరెంటు సైట్లలో మురుగు గొట్టం ఉండదు, బయటికి వెళ్ళే దారిలో డంప్ స్టేషనులో ఖాళీ చేయాలి. చేతి తొడుగులు వేసుకుని, గొట్టం రెండు కొసలూ బిగిశాయని చూసుకుని, ముందు బ్లాక్ ట్యాంకు మీట లాగండి. అది పూర్తిగా ఖాళీ అయ్యాక గ్రే ట్యాంకు తెరిస్తే ఆ సబ్బునీరు గొట్టాన్ని కడుగుతుంది. ఈ క్రమం తిరగేస్తే గొట్టం శుభ్రం చేసే భాగ్యం మీ చేతులకే. అక్కడ గొట్టం కడిగే కుళాయి నీరు తాగడానికి వాడకండి. ఆదివారం 10 నుంచి 12 మధ్య వరుస పొడవుగా ఉంటుంది. టిఫిను ముందే ఈ పని ముగించుకోండి, లేదా తీరిగ్గా వరుసలో నిలబడి కాఫీ తాగండి.

ఒక్కసారి వచ్చాక ఆర్‌వీ కొనాలనిపిస్తోంది. కొనేయమంటారా?

ముందు మూడుసార్లు, మూడు రకాల బళ్ళు అద్దెకు తీసుకోండి. చాలా కాలనీల నియమాలు ఇంటి ముందు ఆర్‌వీ నిలపనివ్వవు, నెలనెలా నిల్వ స్థలం అద్దె కట్టాలి. మా సభ్యుల్లో ఇద్దరు మొదటి ఉత్సాహంలో కొని, ఏడాదిలో రెండుసార్లు వాడి, నష్టానికి అమ్ముకున్నారు. నెలకొకసారి వెళ్ళే కుటుంబాలు మాత్రం కొన్నందుకు చింతించలేదు.

వాన వస్తే రద్దు చేస్తారా?

చినుకులకు చెయ్యం. వరద హెచ్చరిక, పెనుగాలుల హెచ్చరిక ఉంటే గురువారం సాయంత్రానికి చెప్తాం. సైటు రద్దు రుసుము ఎవరిది వారే భరించాలి.

మిగిలిన పులిహోర ఎవరికి?

హ్యూస్టన్‌వారికి. దూరం ఎక్కువ కనుక దారిలో తినడానికి మొదటి డబ్బా వారిదని తొలి ఏడాదే తీర్మానించాం, డాలస్‌వారు ఇంకా ఒప్పుకోలేదు. మూత ఉన్న డబ్బాలు ఇంటి నుంచే తెచ్చుకోండి.